జీతం లేని లీడరుకి బాధ్యత ఉండదా?

సంపాదకులకు నమస్కారం.

పోయిన వారం మీ పత్రిక జిల్లా పేజీలో ఒక పాఠకుడి ఉత్తరం చదివాను. కాలేజీ పిల్లల్నీ ఉద్యోగస్తుల్నీ గుంపులుగా హిమాలయ శిఖరాల మీదికి తీసుకెళ్ళే స్వచ్ఛంద లీడర్లని నమ్మకూడదనీ, పైసా తీసుకోని మనిషిని రేపు ఏదైనా జరిగితే ఎవరు నిలదీస్తారనీ, ఈ పని ఫీజు తీసుకునే కంపెనీలకే వదిలెయ్యాలనీ ఆయన రాశారు. ఆయనకి డిగ్రీ చదివే కూతురు ఉందట. ఆ భయం ఎలాంటిదో నాకు తెలుసు, నాకూ ఎదిగిన పిల్లలున్నారు. కానీ ఆయన వేలు పెట్టి చూపించిన చోట జబ్బు లేదు. అది ఇంకోచోట ఉంది.

నేను పర్లాకిమిడిలో స్టాఫ్ నర్సుని. డ్యూటీ లేని ఆదివారాలు మా ఊరి నడక బృందంతో మహేంద్రగిరికో, సెలవులు కలిసొస్తే కోరాపుట్ వైపు దేవమాలికో వెళ్తుంటాను. గుంపులో నా చోటు అందరికంటే ఆఖరున. ముందు లీడరు నడుస్తాడు, దారి అతని బాధ్యత. నా వెనక మనిషి మిగలకూడదు, అది నా బాధ్యత. వేసవి సెలవుల్లో హిమాచల్ ప్రదేశ్ కులూ లోయలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ క్యాంపుల్లో వాలంటీరుగా కూడా పనిచేశాను. ఆ క్యాంపుల్ని నడిపే లీడర్లు చాలామంది నాలాంటివాళ్ళే. బడి మాస్టర్లు, రైల్వే వాళ్ళు, రిటైరైన వాళ్ళు. సెలవు పెట్టుకుని వచ్చి వారాల తరబడి గుడారంలో ఉంటారు. రోజూ సాయంత్రం ఒక కొత్త గుంపు వస్తుంది, పొద్దున్నే వెళ్ళిపోతుంది. వాళ్ళలో ఎవరు పైకి వెళ్ళొచ్చో ఎవరు వెళ్ళకూడదో ఆ ఒక్క రాత్రిలో తేల్చాలి.

అక్కడి సార్ పాస్ అనే కనుమకి వెళ్ళే దారిలో నగారు అని ఒక క్యాంపు ఉంది. 12 వేల అడుగులు దాటిన ఎత్తు. గాలి గుడారం తాళ్ళని ఊపిరాడనివ్వకుండా లాగుతూనే ఉంటుంది. మర్నాడు చీకటితోనే లేచి మంచు మీద నడుస్తూ 13,800 అడుగుల దగ్గర కనుమ దాటాలి కాబట్టి పొద్దుండగానే భోజనాలు కానిచ్చి పడుకుంటారు. ఆ ఏడు అక్కడ లీడరు ఒక బ్యాంకు ఉద్యోగి. భోజనాల వేళ మన వైపు కుర్రాడొకడు, ఇంజినీరింగు చదువుతున్నవాడు, చేతిలో గిన్నె పట్టుకుని నిలబడ్డాడే తప్ప ముద్ద నోట్లో పెట్టలేదు. తలనొప్పని పొద్దుటే మాత్ర వేసుకున్నాడట. దారిలో రెండుసార్లు వాంతి చేసుకున్నాడట. ఆపేస్తారని ఎవరికీ చెప్పలేదు. లీడరు ఏమీ అనకుండా ఒక పుల్ల తీసుకుని మట్టిలో పది అడుగుల గీత గీశాడు. ఒక కాలి వేళ్ళకి రెండో కాలి మడమ ఆనించి ఆ గీత మీదే నడవమన్నాడు. హిందీ అర్థం కాక కుర్రాడు నా వైపు చూస్తే నేను తెలుగులో చెప్పాను. నాలుగో అడుగుకి పక్కకి ఒరిగాడు. నవ్వి, రాయి తగిలిందన్నాడు. లీడరు మళ్ళీ నడిపించాడు. ఈసారి మూడో అడుగుకే తూలాడు.

అంతే, ఇంక చర్చ లేదు. చీకటి పడకముందే ఒక లోకల్ గైడునీ అతని స్నేహితుణ్ణీ తోడిచ్చి కింది క్యాంపుకి దించేశారు. వెళ్ళేటప్పుడు ఆ కుర్రాడు నా చెయ్యి పట్టుకుని, "ఆంటీ, మీరైనా చెప్పండి. ఊళ్ళో అందరికీ చెప్పుకుని వచ్చాను" అని ఏడ్చాడు. నేను చెప్పలేదు. ఎత్తులో తలనొప్పి, వాంతులు ఉన్న మనిషి అడుగు తడబడుతోందంటే మెదడు వాస్తోందని అనుమానించాలి. దానికి అసలైన మందు కిందికి దిగడం. ఆక్సిజన్ సిలిండరూ సూదిమందూ దిగేలోపు ఊపిరి నిలబెట్టడానికి పనికొస్తాయి కానీ దిగడానికి బదులు కావు. పొద్దున్నకి ఆ కుర్రాడు కింద ఆకలేస్తోందని అడిగి తిన్నాడని కబురొచ్చింది.

ఆ బ్యాంకు ఉద్యోగికి ఆ కుర్రాడు పైకి వెళ్తే వచ్చే లాభం లేదు, ఆగిపోతే తిరిగి ఇవ్వాల్సిన డబ్బూ లేదు. అందుకే అంత నిక్కచ్చిగా ఆపగలిగాడు. డబ్బు తీసుకుంటే బాధ్యత వస్తుందన్న పాఠకుడి మాట విన్నాక నాకు 1996 మే 10, 11 తేదీలు గుర్తొచ్చాయి. ఎవరెస్టు మీద ఆ రెండు రోజుల తుఫానులో ఎనిమిది మంది చనిపోయారు. పోయినవాళ్ళలో రాబ్ హాల్, స్కాట్ ఫిషర్ ఉన్నారు. ఇద్దరూ ఆ కాలానికి పేరున్న గైడ్లు, ఒక్కొక్క క్లయింటు దగ్గర పదుల వేల డాలర్లు తీసుకున్న కంపెనీల యజమానులు. మధ్యాహ్నం రెండు దాటితే శిఖరం ఎంత దగ్గర్లో ఉన్నా వెనక్కి తిరగాలన్న మాట ముందే అనుకున్నదే. ఆ గడువు దాటాక కూడా పైకి ఎక్కుతూనే ఉన్నారు. అంతకుముందు ఏడాది శిఖరం అందకుండా వెనుదిరిగిన ఒక క్లయింటు మళ్ళీ వచ్చాడు. అతన్ని మళ్ళీ వెనక్కి పంపడానికి రాబ్ హాల్‌కి మనసొప్పలేదంటారు. అంత అనుభవం ఉన్న మనిషినే ఆ మొహమాటం మింగేసింది.

ఇటు మన దక్షిణాదిలో చూడండి. 2018 మార్చి 11న తమిళనాడు తేని జిల్లా కురంగణి కొండల్లో అడవి తగలబడి ట్రెక్కింగుకి వెళ్ళిన 20 మందికి పైగా పోయారు. చెన్నై నుంచి వచ్చినవాళ్ళు ఒక స్వచ్ఛంద క్లబ్బుతో, ఈరోడు, తిరుప్పూరు వైపు వాళ్ళు ఒక టూరు సంస్థతో వచ్చారు. మంట ఇద్దరినీ ఒకేలా చుట్టుముట్టింది. ఎండిన బోదగడ్డి కొండ మీద మార్చి నెలలో అంతమందిని నడిపించవచ్చా అన్న ప్రశ్న ఇద్దరూ వేసుకోవలసిందే. 2024 జూన్‌లో ఉత్తరాఖండ్ సహస్ర తాల్ దారిలో ఎక్కువమంది కర్ణాటక వాళ్ళే ఉన్న 22 మంది బృందంలో తొమ్మిది మంది మంచుగాలికి చిక్కుకుని ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ వార్తలు చదివిన రోజున నాకు ఆస్పత్రిలో పని చెయ్యబుద్ధి కాలేదు. ఎవరికి ఫీజు కట్టారు, ఎంత కట్టారు అన్న వివరాలు పోయినవాళ్ళ ఇళ్ళల్లో ఏ మూలకి పనికొస్తాయి?

మరి జబ్బు ఎక్కడుందంటే, ఒక శిఖరం ఎక్కి వచ్చిన ప్రతివాణ్ణీ మనం మర్నాడే లీడర్ని చేసేస్తున్నాం. మా ప్రాంతంలో ఇది కళ్ళారా చూస్తున్నాను. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ఎక్కడైనా ఒకటే కథ. ఒక కుర్రాడు దాతల సాయంతో కిలిమంజారో వెళ్ళి వస్తాడు. 5,895 మీటర్లు, చిన్న విషయం కాదు, చప్పట్లు కొట్టాల్సిందే. ఊళ్ళో ఫ్లెక్సీ కడతారు. నెల తిరిగేసరికి వాట్సాప్ గ్రూపు, 'అన్నతో హిమాలయాలకి' అని పదిహేను మంది పేర్లు. కిలిమంజారో మీద లైసెన్సు ఉన్న గైడు లేకుండా అడుగు పెట్టనివ్వరు. టెంటు వాళ్ళే వేస్తారు, వంట వాళ్ళే చేస్తారు, ఎప్పుడు లేవాలో ఎప్పుడు ఆగాలో వాళ్ళే చెబుతారు. అక్కడ ఆ కుర్రాడు నేర్చుకున్నది తన కాళ్ళని తాను పైకి ఈడ్చుకెళ్ళడం. పదిహేను మంది కాళ్ళ సంగతి, పదిహేను గుండెల సంగతి అతనికి ఎవరూ నేర్పలేదు. తప్పు అతనిది కాదు. అడిగితే అన్నయ్య తీసుకెళ్తాడులే అని పిల్లల్ని అప్పగించే మన పెద్దవాళ్ళది.

డార్జిలింగులో 1954 నుంచి హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఉత్తరకాశీలో 1965 నుంచి నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ ఉంది. బేసిక్ కోర్సు దాదాపు నెల రోజులు. అందులో మంచి గ్రేడు వస్తేనే అడ్వాన్స్ కోర్సు. ఆ తరవాత ఇంకొకళ్ళకి నేర్పడానికి వేరే కోర్సు, వెతికి కాపాడడానికి వేరే కోర్సు. అంటే ఎక్కడం వచ్చిన మనిషికి ఎక్కించడం కూడా వచ్చేసినట్టేనని ఆ సంస్థలే అనుకోవడం లేదు. మన దగ్గర మాత్రం బేసిక్ సర్టిఫికెట్టు చూపిస్తే చాలు, అడిగేవాళ్ళు లేరు. శిక్షణ ఉంటే ప్రమాదమే రాదని నేననను. 2022 అక్టోబరు 4న ద్రౌపది కా దండా శిఖరం దగ్గర మంచు చరియలు విరిగిపడి ఉత్తరకాశీ సంస్థ శిక్షకులూ విద్యార్థులూ పోయారు. కొండ ఎవరి సర్టిఫికెట్టూ చూడదు. కానీ చెయ్యగలిగింది చెయ్యకుండా దేవుడి మీద భారం వేయడం మా వృత్తిలో ఒప్పుకోరు, ఇక్కడా ఒప్పుకోకూడదు.

స్వచ్ఛంద లీడర్లతో పెద్ద శిఖరాలు ఎక్కే పద్ధతి ఎక్కడా సాగలేదా అంటే, వందేళ్ళకి పైగా సాగుతోంది. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రంలో మజామాస్ అనే సంఘం ఉంది. 1894 జులై 19న 3,429 మీటర్ల మౌంట్ హుడ్ శిఖరం మీదే ఆ సంఘాన్ని స్థాపించారు. మంచు నదులున్న ఆ శిఖరాలకి ఈనాటికీ గుంపుల్ని తీసుకెళ్ళేది జీతం లేని లీడర్లే. కానీ ఎవరు పడితే వాళ్ళు లీడరు కాలేరు. ముందు సీనియరు వెనక సహాయకుడిగా నడవాలి. తరవాత సీనియరు పక్కన నిలబడి చూస్తుండగా తాను నడిపించాలి. వాళ్ళు సరే అన్నాకే సొంతంగా ఒక గుంపు. సియాటిల్ దగ్గర 1906లో పుట్టిన మౌంటెనీర్స్ సంఘంలో కూడా పాఠాలు చెప్పేది వాలంటీర్లే.

అదే మౌంట్ హుడ్ మీద 1986 మే 12న ఒక స్కూలు గుంపు బయల్దేరింది. వాతావరణం పాడవుతున్నా వెనక్కి తిరగకుండా పైకి సాగారు. తుఫానులో దారి తప్పి మంచులో గుహ తవ్వుకుని దాక్కున్నారు. ఏడుగురు పిల్లలు, ఇద్దరు పెద్దవాళ్ళు చనిపోయారు. ఆ గుంపుని నడిపించిన మాస్టారు పిల్లల మీద ప్రేమ లేనివాడని నేననుకోను. ఆయన్ని సకాలంలో వెనక్కి తిప్పగలిగిన మనిషి ఆ గుంపులో లేకపోయాడు. నేను పదే పదే ఆలోచించేది దీని గురించే. లీడరుకి వెనక్కి తిరుగుదామనే ధైర్యం ఎక్కడినుంచి రావాలి? అతని పక్కన ఇంకో మనిషి ఉండాలి. వెనకనుంచి నాలాంటి మనిషి, "ఈ పిల్ల ఇంక నడవలేదు, ఆపండి" అంటే ముందువాడు వినాలి. వినకపోతే మొత్తం గుంపు ఆగాలి.

వెనక నడిచేవాళ్ళకి కనిపించేది ముందువాళ్ళకి కనిపించదు. ఒక్క విషయం చెబుతాను. మహేంద్రగిరి ఎక్కేటప్పుడు చురుకైనవాళ్ళు ముందుకెళ్ళిపోయి ఒక చెట్టు కింద కూర్చుంటారు. నీళ్ళు తాగుతారు, జంతికలు తింటారు, ఫోటోలు దిగుతారు. మేము వెనకవాళ్ళం రొప్పుకుంటూ అక్కడికి చేరేసరికి, "వచ్చేశారు కదా, పదండి" అని లేచి బయల్దేరతారు. అంటే బాగా నడిచేవాళ్ళకి పావుగంట రెస్టు, నడవలేనివాళ్ళకి రెస్టే లేదు. పొద్దున్నుంచి నాలుగుసార్లు ఇలా జరిగితే ఆ మనిషి ఐదోసారి కూలబడిపోతాడు. మా బృందంలో ఉండే మందస అమ్మాయి ఒకసారి ఇలాగే రాయి మీద కూర్చుండిపోయి, "నానింక ఎక్కలేనప్పా, మీరెల్లండి" అంది. పెదాలు ఎండిపోయాయి, చేతులు చల్లబడ్డాయి, పొద్దున్న టిఫిను తినలేదని అప్పుడు చెప్పింది. ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు గుక్క గుక్క తాగించి, పక్కన అరగంట కూర్చుని కిందికి దించుకొచ్చాను. ఆ తరవాత మా లీడరు ఒక పద్ధతి పెట్టాడు. ఆఖరి మనిషి వచ్చాకే రెస్టు మొదలవుతుంది, అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళే లీడరు వెనక రెండో స్థానంలో నడుస్తారు. చురుకైనవాళ్ళు మొదట్లో గునిశారు. ఇప్పుడు అలవాటైపోయింది.

మహేంద్రగిరి 1,501 మీటర్లే, ఎత్తు జబ్బు వచ్చే కొండ కాదు. అందుకే అందరికీ చులకన. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తు, అయినా దాదాపు పైదాకా రోడ్డే కాబట్టి కొండ అనే అనుకోరు. హిమాలయాలకి పిల్లల్ని తీసుకెళ్ళే లీడర్లు తయారు కావలసింది ఈ కొండల మీదే. గుంపుని ఒక వేగంతో నడిపించడం, పొగమంచు కమ్మితే లెక్కపెట్టి కదలడం, తడిసిన బట్టలతో వణుకుతున్న మనిషిని గుర్తుపట్టడం, తిరుగుదాం అన్న మాట పదిమంది మొహాల ముందు అనగలగడం, ఇవన్నీ ఇక్కడ నేర్చుకుంటే ప్రాణం మీదికి రాదు. 3,000 మీటర్లు దాటాక నేర్చుకుందామంటే అప్పటికి ఆలస్యమవుతుంది. అక్కడ రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కంటే 500 మీటర్లకి మించి పెరగకూడదనీ, మూడు నాలుగు రోజులకోసారి అదే ఎత్తులో ఆగిపోవాలనీ డాక్టర్లు చెబుతారు. సెలవు నాలుగు రోజులే ఉందని ఆ లెక్కని కుదించే లీడరుతో పిల్లల్ని పంపకండి, అతను ఎంత మంచివాడైనా సరే.

తల్లిదండ్రులు అడగాల్సినవి పెద్ద పెద్ద ప్రశ్నలేం కావు. ఇంతకుముందు ఎవరి కింద నడిచావు బాబూ? నీకు ఏదైనా అయితే గుంపుని దించేది ఎవరు? శిఖరం దాకా వెళ్ళకుండా ఎప్పుడైనా గుంపుని వెనక్కి తిప్పావా? ఈ మూడోదానికి లేదు అని గర్వంగా చెప్పే లీడరుంటే, అతని చేతిలో నా పిల్లల్ని పెట్టను.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం ఉంది. శిఖరం మీద జెండా పట్టుకున్న ఫోటో వస్తే మీరు వేస్తారు, మేమూ మురిసిపోతాం. వేయండి. కానీ ఆ గుంపుని ఎవరు నడిపించారు, వెనక ఎవరున్నారు, ఎవరైనా మధ్యలో దిగిపోతే వాళ్ళని ఎవరు దించారు అని కూడా రెండు వాక్యాలు రాయండి. 2014 మే 25న పదమూడేళ్ళ మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది, ఆనంద్ కుమార్ కూడా ఎక్కాడు. వాళ్ళ పేర్లు తెలియని తెలుగువాళ్ళు లేరు. భువనగిరి బండల మీద వాళ్ళకి మొదటి అడుగు నేర్పిన శేఖర్ బాబు బాచినేపల్లి పేరు ఎంతమందికి గుర్తుంది? మనకి దగ్గర్లో ఉన్న కోరుకొండ సైనిక్ స్కూల్లో లెఫ్టినెంట్ ఉదయ భాస్కరరావు విగ్రహం ఉంది. 1985లో సైన్యం ఎవరెస్టు యాత్రలో పోయిన ఆ బడి పూర్వ విద్యార్థి ఆయన. ఆ విగ్రహం చూస్తూ పెరిగినవాడే మల్లి మస్తాన్ బాబు. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలు ఎక్కాడు, 2015లో ఆండీస్ పర్వతాల్లో ఒంటరిగా ఎక్కుతూ ప్రాణం విడిచాడు. ఆయన మీద నాకున్న గౌరవం చెప్పలేనంత. కానీ మా వైపు పిల్లలు ఆయన్ని చూసి, శిఖరం మీద ఒంటరిగా నిలబడ్డ మనిషే లీడరు అనుకుంటున్నారు. పదిమందిని ఎక్కించి పదిమందినీ దించిన మనుషుల ఫోటోలు కూడా పేపర్లో చూస్తే ఆ దారిలో కూడా నడవాలనిపిస్తుంది వాళ్ళకి.

ఇక మా ఊరి సంగతి. శివరాత్రికి ఒడిశా వైపు నుంచీ మందస వైపు నుంచీ మహేంద్రగిరికి జనం పోటెత్తుతారు. భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి చూడాలని షుగరు ఉన్నవాళ్ళు, గుండె ఆపరేషన్ అయినవాళ్ళు కూడా ఉపవాసంతో ఎక్కేస్తారు. ఎవరి గుంపుని వాళ్ళే నడిపించుకుంటారు. దారి బాగా తెలిసిన సవర గిరిజన ఊళ్ళ కుర్రాళ్ళని సామాను మొయ్యడానికి పిలుస్తారే కానీ లీడర్లుగా ఎవరూ చూడరు. పైన ఫోను ఒకసారి ఆంధ్రా టవరు, ఒకసారి ఒడిశా టవరు పట్టుకుంటుంది. 108 కొడితే ఏ రాష్ట్రంలో పలుకుతారో, ఎటువైపు దించమంటారో ఆ క్షణంలో తేలదు. దానితో చాలా సమయం పోతుంది. గజపతి, శ్రీకాకుళం జిల్లాల అధికారులు శివరాత్రికి ముందే ఒకసారి కూర్చుని రెండు వైపుల వాలంటీర్లకీ ఒకే జాబితా, ఒకే ఫోను నంబరు పెట్టాలి. ఆ జాబితాలో సవర కుర్రాళ్ళ పేర్లు మొదట ఉండాలి, వాళ్ళ రోజు కూలి వాళ్ళకి ముట్టాలి. కొండ మధ్యలో రెండు స్ట్రెచర్లు, దుప్పట్లు ఉంచాలి. ప్రథమ చికిత్స నేర్పడానికి నేనూ మా ఆస్పత్రిలో మరో ఇద్దరు సిస్టర్లూ సిద్ధంగా ఉన్నాం. తెలుగులోనూ ఒడియాలోనూ చెప్పగలం, సవర భాషలో చెప్పడానికి మా బృందంలో మనిషి ఉన్నాడు. కూర్చోవడానికి ఒక బడి గది, రెండు ఆదివారాలు ఇస్తే చాలు.

ఇట్లు,
ఒక స్టాఫ్ నర్సు
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా
(ఉద్యోగ రీత్యా పేరు ప్రచురించవద్దని మనవి)